మ్యూటక్క ఆఫీసుకెళ్ళిన రోజు

ఆఫీసులో ఆమెను మ్యూటక్క అంటారు. ఇంటి నుంచి పని మొదలైనప్పటి నుంచీ మీటింగుల్లో ఆమె గొంతు విన్నవాళ్ళు లేరు. ఏదడిగినా చాట్‌లో టైపు చేస్తుంది. బీమా క్లెయిములు చూసే ఆ టీంలో ఆమె ఫైళ్ళు ఎప్పుడూ ఆగవు కాబట్టి ఎవరూ ఆరా తియ్యలేదు. సిగ్గరి అనుకున్నారు. మైకు తెరిస్తే పక్క కుర్చీలోంచి మావగారి గొంతు వినిపిస్తుందన్నది ఆమె భయం.

మావగారు మిల్లులో షిఫ్టు సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక మతిమరుపు ముదిరింది. కొడుకును ఒకరోజు గుర్తుపడతాడు, ఒకరోజు పట్టడు. కాలు ఒకచోట నిలవదు. అయితే కోడలు లాప్‌టాప్ తెరిచి మీటింగులో చేరితే చాలు, చొక్కా గుండీలు పెట్టుకుని పక్కన బుద్ధిగా కూర్చుంటాడు. స్పీకరులో మాటలు వినిపిస్తున్నంతసేపూ ఆయన డ్యూటీలో ఉన్నట్టే. మేనేజరు గొంతు ఖంగుమంటే నిటారుగా సర్దుకుంటాడు. మీటింగు ముగియగానే లేవబోతే, కోడలు వెంటనే ‘ఇంకో షిఫ్టుంది మావయ్యా’ అంటుంది. మళ్ళీ కూర్చుంటాడు.

అలా నెట్టుకొస్తుంటే పైనుంచి ఆర్డరొచ్చింది. వారానికి మూడు రోజులు అందరూ ఆఫీసుకు రావాలట. అంతకుముందు ఎవరికేది ఇష్టమో అడిగారు. ఆమె ఇల్లే అంది, ఎందుకో చెప్పలేదు. ఇంట్లో జబ్బుమనిషి ఉన్నాడంటే ధ్యాస పని మీద ఉండదనుకుంటారు. రేపు మనుషుల్ని తగ్గించేటప్పుడు ముందు తన పేరే గుర్తొస్తుంది.

లిఫ్టులు బాగుచేసే భర్త, “చెప్పేస్తే ఓ పనైపోతుందిగా” అన్నాడు, చెప్పులేసుకుంటూ.

“ఆ, నా పనే అయిపోతుంది.”

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఎక్కడో లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారని ఫోనొస్తే అతను పరిగెత్తాడు.

ఆఫీసుకెళ్ళాల్సిన మొదటి రోజు ఇంట్లో లాప్‌టాప్ ముందు మావగారిని కూర్చోబెట్టి, దాన్నుంచి తన ఫోనుకే వీడియో కాల్ కలిపింది. ఫోను ఆఫీసులో తన ముందుంటే ఆయనకు అక్కడి మాటలు వినిపిస్తూనే ఉంటాయి. బయట తాళం వేద్దామంటే, లోపల ఏ నిప్పైనా అంటుకుంటే అన్న ఆలోచన రాగానే మానేసింది. తలుపు దగ్గరగా వేసి పక్కింటి పిన్నికి అప్పగించింది.

“మధ్యమధ్యలో కాస్త తొంగిచూడు పిన్నీ.”

“మోకాళ్ళు ఒప్పుకున్నప్పుడల్లా చూస్తాలే, నువ్వెళ్ళు.”

ఆఫీసులో పక్క సీటు పిల్ల కొత్తగా చేరింది. ఆమెను చూసి నోరు తెరిచింది. “మ్యూటక్కా, నువ్వు నిజంగానే మనిషివా! ఎవరో కంప్యూటర్‌కి పేరు పెట్టారనుకున్నా. ఇల్లు అంతిష్టమేంటక్కా నీకు? మా గదిలో నలుగురం, ఒక్కటే ఫ్యాను. ఆదివారం రమ్మన్నా నేనొచ్చేస్తా.”

ఆమె నవ్వీ నవ్వనట్టు నవ్వింది. కళ్ళు ఫోను మీదే ఉన్నాయి.

మీటింగు గదిలో సొంత కాల్స్ నిషేధం. క్లెయిము పెట్టుకున్నవాళ్ళ జబ్బులూ యాక్సిడెంట్లూ అక్కడ చర్చకొస్తాయి. ఆమె ఫోన్‌ని నీళ్ళ సీసా వెనక నిలబెట్టింది. ఎవరైనా సీసా అందుకోబోతే ఫోనుకు ఫైలు అడ్డం పెట్టేది. తెరమీద మావగారు కదలకుండా కూర్చుని వింటున్నాడు. ఫర్వాలేదనిపించింది.

చివర్లో మేనేజరు ఫైలు మూసి, “సరే, అయిపోయింది. ఇంక అందరూ వెళ్ళొచ్చు” అన్నాడు.

మావగారు లేచాడు. లాప్‌టాప్‌కి దణ్ణం పెట్టాడు. గొడుగు అందుకుని తెరలోంచి తప్పుకున్నాడు. కుర్చీ ఖాళీ.

“మావయ్యా! ఇంకో షిఫ్టుంది! మావయ్యా!”

గది మొత్తం ఇటు తిరిగింది. ఆమె గొంతు వాళ్ళు వినడం అదే మొదలు. ఆ కేక వినవలసినవాడు మాత్రం వినలేదు. పక్కింటి పిన్నికి ఫోను చెయ్యాలని ఆమె అంటుండగానే కొత్త పిల్ల ఫోను లాక్కుని కలిపింది. మోగుతోంది. ఎత్తదే! చివరికి రొప్పుతూ ఎత్తింది.

“తలుపు బార్లా తీసుంటే వెనకాలే దిగానమ్మా. బస్టాపులో ఉన్నాడు. ఇంటికెళ్తాట్ట, మిల్లు క్వార్టర్స్‌కి! చెయ్యి పట్టుకుంటే విదిలిస్తున్నాడు. అయ్యో, బస్సొచ్చేస్తోందే!”

క్వార్టర్స్ ఏనాడో కూల్చేశారు. ఆ బస్సెక్కితే ఆయన ఎక్కడ దిగుతాడో, ఎవరి తలుపు తడతాడో! ఆమె ఫోను లాక్కుని, “మావయ్య చెవి దగ్గర పెట్టు పిన్నీ” అంది. ఎదురుగా మేనేజరు నిలబడి ఉన్నాడు. ఫోను ఆయన చేతిలో కుక్కింది.

“సార్, డ్యూటీ అవలేదని చెప్పండి సార్. మీ మాటైతే వింటాడు.”

“ఎవరు?”

“మా మావయ్య. రోజూ మీ మీటింగులన్నీ వింటాడు.”

ఇన్నాళ్ళూ దాచింది నలుగురిలో బయటపడిపోయింది. మేనేజరు ఆమె వంక చూసి, ఫోను స్పీకరులో పెట్టి, మీటింగు గొంతుతో అన్నాడు: “ఎవరండీ మధ్యలో వెళ్ళిపోయేది? ఇంకో షిఫ్టుంది. వెళ్ళి సీట్లో కూర్చోండి.”

అవతల బస్సు హారను. బ్రేకు చప్పుడు. తర్వాత సన్నగా, “అలాగే సార్.”

“తిరిగాడమ్మా,” అంది పిన్ని. “నాకంటే జోరుగా నడుస్తున్నాడు మనిషి!”

ఎవరో పక్కున నవ్వి ఆపుకున్నారు. మేనేజరు నవ్వలేదు. ఫోను తిరిగిచ్చి, “రోజూ వింటాడా?” అన్నాడు.

“విన్నా గుర్తుండదు సార్.”

“మీరు ఇంటికెళ్ళండి. రేపు మాట్లాడదాం.”

దారి పొడుగునా ఆ ‘రేపు’ని ఆమె ఎన్ని రకాలుగా తిప్పిచూసినా మంచి అర్థం దొరకలేదు. ఇంటికి చేరేసరికి మావగారు కుర్చీలో ఉన్నాడు, గొడుగు ఒళ్ళో పెట్టుకుని. పిన్ని మోకాళ్ళు రుద్దుకుంటోంది. లాప్‌టాప్‌లో మేనేజరు నుంచి మెసేజు అప్పటికే వచ్చి ఉంది. ‘రేపు మీటింగులో మీరూ నేనే. ఇంటి నుంచే చేరండి. మైకు తెరిచి ఉంచండి.’

దయో, విచారణో అంతుపట్టలేదు. మళ్ళీ చదవబోతుంటే మావగారు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“సారు నన్ను పట్టేశాడమ్మాయ్. మధ్యలో లేచిపోయాను. ఉద్యోగం తీసేస్తాడంటావా?”