లంబాడామె మెడల గ్రీకు వెండి

మా ఆయన కామారెడ్డిల వకీలు. కచేరి నుంచి వచ్చినంక తోటి వకీళ్ళు పేకాటకు పోతుండ్రి. ఈయన మాత్రం తలుపు పెట్టుకొని, పాత గ్రీకుల వెండి బిళ్ళలు ముందరేసుకొని కూసుంటుండె. బొంబాయి నుంచి పార్శిలు వచ్చిందంటే చెప్పులు సరిగ తొడుక్కోకుండనే స్టేషనుకు ఉరికేటోడు. ఒకదాని మీద సింహం తోలు నెత్తిన కప్పుకున్న మొగోని తల, ఇంకోదాని మీద గుర్రం. అందమైనయే. కానీ ఏది వచ్చినా నాలుగు దినాలే సంబురం. మళ్ళ లేసి తిరుగుడు, కిటికీ కాడ నిలబడుడు.

"ఏం పోయిందని గట్ల తిరుగుతున్రు?" అని అడిగితే, "గూబ లేదు" అనేటోడు. ఏథెన్సు పట్నపోళ్ళు గుడ్లగూబ బొమ్మతోని కొట్టించిన బిళ్ళ అది.

సముద్రాల అవతల పెద్ద లడాయి మొదలై, ఓడలు రాక బొంబాయి పార్శిళ్ళు ఆగిపోయినంక ఈ తిరుగుడు ఇంకా ఎక్కువైంది. అప్పుడే ఎల్లారెడ్డి కంసాలి ఒకాయన చెప్పిండు: అంగడికొచ్చే ఒక లంబాడామె మెడల ఏసుకునే పేరుల, రూపాయి బిళ్ళల నడుమ, గూబ బిళ్ళ ఉందని. కొక్కెం అతికించనీకి తెస్తే చూసిండట. ఆ మాట ఇన్నకాడ్నుంచి మా ఆయనకు అన్నం సయించలే. పరాయి ఆడమనిషి మెడ దిక్కు మొగోడు చూస్తే బాగుంటదా? అందుకే నన్ను తోలుకపోయిండు.

ఎల్లారెడ్డి అంగడిల ఆయన దూరంగ బట్టల దుకాణం కాడ నిలబడ్డడు. నేను పోయి, సీతాఫలాలు అమ్ముతున్న ఆ లంబాడామె ముందర కూసొని, పండ్లు ఏరుకుంట అడిగిన.

"అక్కా, గా బిళ్ళ ఒకసారి చూడన్నా?"

పేరు తియ్యలే. మెడ నా దిక్కు వంచింది. బిళ్ళ మీది గూబకు గుండ్రటి పెద్ద కండ్లు. ఇంటి మీద గూబ వాలితేనే కీడంటరు, ఈమె మెడల ఏసుకున్నది.

"భయమైతలేదా?"

"భయమెందుకమ్మా? మా అత్త లెక్క. నేనెటు పోయినా నన్నే చూస్తది" అని నవ్వింది. తాతల నాడు ఎడ్ల మీద ఉప్పు మోసేటప్పుడు సముద్రం దిక్కున ఏ ఊర్లనో దొరికిందట. తల్లి ఈమెకిచ్చింది.

"అమ్ముతవా?"

"అమ్మ ఇచ్చింది అమ్ముతరా?"

అయినా ఆయన ఊకోలే. అంగడి అంగడికి నన్ను పంపిండు. వెండి కడియాలు ఇస్తమని చెప్పమన్నడు. ఒక దినం ఆమెకు ఇసుగొచ్చినట్టుంది. నా మెడ దిక్కు చెయ్యి చూపింది.

"గా గుండ్లపేరు ఇయ్యి. ఇది ఇస్త."

అది నన్ను అత్తగారింటికి తోలేటప్పుడు మా అవ్వ మెడలేసిన బంగారు గుండ్లపేరు. ఆయన దగ్గరికి పోయి ఈ మాట చెప్పిన. కోపానికొస్తడనుకున్న. రాలే. నా మెడ దిక్కు చూసిండు. చూసుకుంటనే ఉన్నడు. ఇన్నేండ్ల కాపురంల నా మెడ దిక్కు గంతసేపు ఎన్నడు చూడలే.

"ఇయ్యన్నా మరి?" అన్న.

ఆయన సిగ్గుతోని చూపు తిప్పుకున్నడు. "ఇంటికి పోదాం పా" అన్నడు.

నేను మళ్ళ పోయి ఆమెకు ఇయ్యనని చెప్పిన.

"నాకెర్కనే" అన్నది. "నేను గూడ గట్లనే" అని రెండు పండ్లు నా కొంగుల ఏసింది.

తర్వాత ఆయన ఎల్లారెడ్డి మాటెత్తలే. ఆయనకు తగ్గి నాకు పట్టుకున్నది. బియ్యం చెరుగుతున్నా ఆ కండ్లే. బిళ్ళకు రెండో దిక్కు ఏముందో నేను చూడనే లేదు. ఆగలేక, పక్కింటి అవ్వను తోడు తీసుకొని ఎల్లారెడ్డి మోటరెక్కిన. కంసాలి దగ్గర లక్క అడిగి తీసుకున్న.

"బిళ్ళ వద్దక్కా, అచ్చు తీసుకుంట" అంటే, ఆమె తనంతట తనే పేరు తీసింది. లక్క వెచ్చజేసి ఒత్తినం. గూబ లోపలికి గుంతబడి, అటు తిరిగి కూసున్నది. ఇంకో ముద్దల రెండో దిక్కు ఒత్తితే టోపీ పెట్టుకున్న ఆడామె మొఖం పడ్డది. ఇద్దరం వంగి చూసినం.

"నా రొమ్ముకు ఆనేది ఈమెనా?" అన్నది. "ఎన్నడు చూడనేలే. ఎవరీమె?"

"ఈ బిళ్ళ కొట్టించినోళ్ళ దేవతంట, మా ఆయన చెప్తడు. అది లడాయి టోపీ."

"ఆడమనిషికి లడాయి టోపీనా! మంచిగుంది."

ఇంటికొచ్చి లక్క ముద్దలు రెండూ మా ఆయన చేతుల పెట్టిన. భూతద్దం పెట్టి మస్తు సేపు చూసిండు. ఆఖరికి, "ఆమె ఏమన్నది?" అని అడిగిండు. బిళ్ళ గాక బిళ్ళగల్ల మనిషి సంగతి ఆయన అడుగుడు అదే మొదలు.

"కూసోండ్రి, చెప్తా" అన్న.

కూసున్నడు గానీ కాలు ఊపుడు ఆపలే. నిజాంసాగర్ దిక్కు ఎవరి దగ్గరనో ఇంకో బిళ్ళ ఉందని కొన్నాళ్ళకు కబురొచ్చింది. మోటరు ఎన్నింటికని ముందుగాల అడిగింది నేనే.