వదిన జాగాలో జరిపిన గింజ

మా ఇల్లు చూసి ఎవరైనా మెచ్చుకుంటే ఛాతీ పొంగుతుంది. ఆ వెంటనే మాట మార్చేస్తాను. ఇన్నేళ్లుగా ఇదే తంతు. కట్టుకున్న మనిషికి కూడా చెప్పలేదు. నా పేరు అడగకండి, సంగతి మాత్రం మీకు చెప్తాను.

మాది భద్రాచలం అవతల, అడవి అంచున ఉన్న గూడెం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక సంస్థ వాళ్లు వచ్చి ఇళ్లు కట్టుకుందాం రమ్మన్నారు. సిమెంటు, ఇనుము వాళ్లు తెస్తారు, వాటి ఖరీదు మేం కొద్దికొద్దిగా కిస్తీ కట్టాలి. రెక్కల కష్టం మాది. ఒకరి ఇంటికి అందరూ పని చేయాలి. కురిసే కప్పు కింద గిన్నెలు పెట్టుకుని బతికినదాన్ని, నేను తాపీ పట్టడం నేర్చుకున్నాను. నేను లేపిన గోడకు మేస్త్రీ గుండు కట్టిన దారం వేలాడదీసి చూసి, వంక పెట్టలేకపోయాడు. గొప్పలు అనుకోండి, ఫర్వాలేదు. అవి నిజంగా గొప్పలే.

చివరికి రెండు జాగాలు మిగిలాయి. ఒకటి మిట్ట మీద, ఒకటి వాగు వైపు పల్లంలో. మిగిలినవాళ్లం నేనూ, మా అన్న భార్య ముత్తమ్మ వదినా. వయసులో పెద్దది కనుక మిట్ట జాగా ముందు ఆమెకే ఇచ్చారు.

మాలో ఒక ఆచారం ఉంది. ఇల్లు కట్టబోయే చోట పొద్దుగూకే వేళ బియ్యపు గింజలు జతలుగా పేర్చి, పైన ఆకు డొప్ప బోర్లిస్తాం. తెల్లారి గింజలు కదలకుండా ఉంటే ఆ నేల మనల్ని ఒప్పుకున్నట్టు. కదిలితే అక్కడ ఇల్లు కట్టకూడదు.

వదిన గింజలు పెట్టిన మర్నాడు పొద్దున్నే నీళ్లకు వెళ్తూ మిట్ట ఎక్కాను. చూడాలనిపించింది. డొప్ప ఎత్తాను. వదిన పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి.

వేలితో ఒక్క గింజను జరిపాను.

ఎందుకు? వాగు పొంగితే పిల్లలు ఏమైపోతారోనన్న భయం అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. వదినకు మాత్రం పిల్లలు లేరా? ఆశ. అంతే, ఇంకే పేరు పెట్టినా అబద్ధం.

డొప్ప మళ్లీ బోర్లించి నీళ్లకు వెళ్లిపోయాను. తిరిగి వచ్చేసరికి వదిన డొప్ప ఎత్తి చూస్తోంది. నన్ను చూసి చెయ్యూపి పిలిచింది.

"నేల నన్ను వద్దన్నది పిల్లా. ఏం పాపం చేసిన్నో! నువ్వు పెట్టి చూడు."

"నీకొద్దన్నది నాకెట్ల ఒప్పుకుంటది వదినా?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"ఎవరి నేల వాళ్లది. పెట్టు."

పెట్టాను. నా గింజలు కదల్లేదు. అప్పుడు భయమేసింది. నా సంగతి ఆ నేలకు తెలియదా?

మిగిలింది అదొక్కటేనని గింజలు పెట్టి చూడకుండానే పల్లంలో వదిన ఇల్లు మొదలైనప్పుడు అందరికంటే ముందు నేనే వెళ్లాను. మేస్త్రీ చాలన్నా వినకుండా వాగులోంచి రాళ్లు మోసి బేస్‌మెంటు మోకాలెత్తు పెంచాను. ఆ తర్వాత వాగు పొంగిన ఏడు, నీళ్లు ఆమె మెట్ల దాకా వచ్చి ఆగిపోయాయి. "ఆడబిడ్డంటే గిట్లుండాలె" అని వదిన ఊరంతా చెప్పుకుంది. సంబరపడ్డాను. ఇప్పటికీ ఆ ఇంటిని చూస్తే, నాది చూసినప్పటికంటే ఎక్కువ గర్వం కలుగుతుంది. అంత గట్టిగా నా ఇంటికి కూడా కట్టుకోలేదు.

అయినా ఆ రాళ్లు దేనికీ బదులు కావు. బిడ్డకు జ్వరమొచ్చినా, మేక చచ్చినా వదిన ఒకటే మాట అంటుంది: "నేలే నన్నొద్దన్నది, ఇంకెవరు కావాలంటరు?" ఇల్లు కట్టివ్వగలిగాను కానీ ఆ మాట మాన్పించలేకపోయాను. మాన్పించాలంటే నిజం చెప్పాలి. ఆమె ఎదురుగా నోరు రావడం లేదు. ఎప్పటికైనా వస్తుందో రాదో తెలియదు. ఇక్కడైనా ఒక్కసారి అననివ్వండి.

నేల నిన్ను వద్దనలేదు వదినా. వద్దన్నది నేను.