లైట్‌హౌస్ చూడాల్సిన పొద్దు

పిల్లల కథలు రాసేవాళ్లను అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: మీ కథలు ఎక్కడ జరిగితే మీకు బాగా ఇష్టమని. నేను తడుముకోకుండా చెబుతాను. లైట్‌హౌస్. దాని తర్వాత దీవి, ఆ తర్వాత ఓడ అడుగున ఉండే గది. చుట్టూ నీళ్లుంటే చాలు, నా కథ దానంతటదే నడుస్తుంది. నేనుండేది మాత్రం ఉరవకొండలో. సముద్రాన్ని సినిమాల్లో తప్ప చూసినదాన్ని కాదు.

సంపాదకులకు ఇది మింగుడుపడదు. మీ కరువు నేల గురించి రాయొచ్చు కదమ్మా అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. మా పిల్లలు తెల్లారి లేస్తే ట్యాంకర్ కోసం బిందె పెట్టుకుని నిలబడతారు. పుస్తకం తెరిచినా వాళ్లను అదే వరసలో నిలబెట్టాలా? వాళ్లు ఒక్కసారైనా ఓడ ఎక్కొద్దా? కరువు మీద కన్నీళ్లు కార్చే కథలు పెద్దవాళ్ల పత్రికల్లో కావలసినన్ని వస్తున్నాయి, అవి చాలు.

మా ఇంటి కొళాయికి వేళాపాళా లేదు. నాలుగు రోజులకో వారానికో వస్తుంది, అదీ చెప్పి రాదు. నీళ్లకు ముందు గాలి బుస్సుమని కొడుతుంది. ఆ చప్పుడు వినబడితే ఏ పనిలో ఉన్నా వదిలేసి పరుగెత్తాలి. మా ఆయన బస్సు కండక్టరు, తెల్లారకముందే డ్యూటీకి పోతాడు. మా అత్తకు మోకాళ్లు సహకరించవు. ఇక మిగిలింది నేనే. పెళ్లయినప్పటి నుంచి ఒక్క రాత్రి పక్క ఊళ్లో పడుకోవాలన్నా ఆ కొళాయిని తలుచుకుని మానుకున్నదాన్ని. నా పుస్తకాలన్నీ దాని పక్కన గడప మీద కూర్చుని రాసినవే. లైట్‌హౌస్ అంటే ఇంత ఇష్టం కూడా అందుకేనేమో. అక్కడి కాపలా మనిషి దీపాన్ని వదిలి ఎక్కడికీ పోలేడు. కానీ ఆయన కిటికీ తెరిస్తే సముద్రం కనిపిస్తుంది, నేను తెరిస్తే ఎదురింటి సంపు మూత కనిపిస్తుంది. చాలా రోజులు నాకు ఊపిరాడనట్టే ఉంటుంది.

పోయిన ఏడాది కోస్తాలోని ఒక ఊరి నుంచి పిలుపు వచ్చింది. పిల్లల రచయితల సమావేశం. ఒక రోజు పొద్దున్నే అందరినీ లైట్‌హౌస్ పైకి తీసుకెళ్తారు. ఎక్కనిచ్చేది ఆ ఒక్క పూటే. సాయంత్రం ఎవరికి వాళ్లు తమ కథల్లో ఇష్టమైన చోటు గురించి మాట్లాడాలి. ఎలాగూ పోలేనని నేను ఇంట్లో చెప్పనేలేదు. మా ఆయన నా ఫోనులో చూసి అత్త చెవిన వేశాడు. నీళ్ల కోసం గుంజకు కట్టేసిన గొడ్డు మాదిరి ఎన్నాళ్లుంటావని ఆమె నామీదే కేకలేసింది. ఆయన సెలవు పెట్టాడు. నేను ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ, పాల క్యానుతో సహా, నింపి రైలెక్కాను. బండి కదలగానే ఒళ్లు తేలికైపోయి ఏడుపొచ్చింది.

ఆ ఊరు చేరేసరికి చీకటి పడింది. సముద్రం చప్పుడు మాత్రం వినబడుతోంది. గదిలో నాకు తోడుగా గోదావరి వైపు ఆవిడ ఒకరున్నారు, పిల్లల పాటలు రాస్తారట. పొద్దున వ్యాను కింద సిద్ధంగా ఉంటుందని, ఎవరికోసమూ ఆగదని సమావేశం జరిపేవాళ్లు చెప్పారు. నేను అందరికంటే ముందే లేచి, బకెట్‌లో ఉన్న నీళ్లతోనే స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, జడ వేసుకున్నాను. చేతికంటిన నూనె కడుక్కుందామని బాత్‌రూములో కొళాయి తిప్పాను.

గాలి బుస్సుమంది.

ఆ తర్వాత ఏం ఆలోచించానంటే చెప్పలేను, అసలు ఆలోచించలేదు. బకెట్ పెట్టాను. అది నిండేలోపల మగ్గు కడిగాను. మా ఊళ్లో ఎన్నడూ రానంత ధారగా వస్తున్నాయి నీళ్లు. అది చూసి ఆత్రం ఇంకా పెరిగింది. గదిలోకి పరుగెత్తి సీసాలు, టీ ఫ్లాస్కు, ఆవిడ టిఫిన్ డబ్బా కూడా తెచ్చాను. చీర కుచ్చెళ్లు పైకి దోపుకున్నాను. కింద హారన్ మోగింది. ఆవిడ బాత్‌రూము తలుపు దగ్గరికొచ్చి, అందరూ ఎక్కేశారు రమ్మని పిలిచింది.

"మీరు పోతా ఉండండి," అన్నాను తల తిప్పకుండానే. "నీళ్లొచ్చినాయి. పట్టేసి వస్తా."

"నీళ్లు రావడమేంటండీ? ఇక్కడ ఎప్పుడూ ఉంటాయి కదా."

ఆ మాట చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. ఆవిడ మరోసారి పిలిచి వెళ్లిపోయింది. చివరి సీసాకు మూత బిగించి, చేతులు తుడుచుకుని కిందికి దిగితే వాకిట్లో ఎవరూ లేరు. వ్యాను పోయి చాలాసేపయిందని వాచ్‌మన్ చెప్పాడు.

మళ్లీ పైకొచ్చాను. కొళాయి తిప్పాను. నీళ్లొచ్చాయి. కట్టేసి మళ్లీ తిప్పాను. మళ్లీ వచ్చాయి. నామీద నాకే అసహ్యం వేసింది. ఇంత దూరం రైల్లో వచ్చి కూడా నేను మా గడప దాటలేదు. ఇక ఎక్కడికి పోయినా దాటలేనేమోనని భయం వేసింది. నిండిన బకెట్ పక్కన తడి నేల మీదే కూర్చుని ఏడ్చాను.

అప్పుడు అత్త ఫోను చేసింది. ఊళ్లో కొళాయి రాలేదని, నేను నింపి వచ్చిన నీళ్లే ఇంకా ఉన్నాయని, ఇంటి గురించి దిగులు పెట్టుకోవద్దని చెప్పింది. తర్వాత తానే ఎక్కి చూసినంత సంబరంగా అడిగింది.

"చూసినావా మే, లైటుహౌసు?"

"లేదత్తా. ఈడ నీళ్లొస్తే పట్టుకుంటా ఉండిపోయినా. బండి పోయింది."

తిడుతుందనుకున్నాను. లేదంటే నవ్వుతుందనుకున్నాను. రెండూ చేయలేదు. అందులో వింతేమీ లేనట్టే వెంటనే అడిగింది.

"అన్నీ నిండినాయా?"