అయిదణాల పన్ను

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాదో, ఆ పై ఏడాదో, అనకాపల్లి మెయిన్ రోడ్డులో ఒక దుకాణం వాళ్ళు కుట్టు మిషన్ల మీద నూటికి పన్నెండున్నర ముదరాగా తగ్గిస్తామని బోర్డు పెట్టారు. మా నాన్న, అబ్బా, పోయాక అమ్మీ, నేను మునగపాక వైపు రైతుల ఇళ్ళకి జాకెట్లూ పిల్లల గౌనులూ చేతికుట్టుతో కుట్టి ఇస్తూ బతుకుతున్నాం. మిషను కోసమని ఏళ్ళ తరబడి కూడబెట్టిన డబ్బు మూటను ఆ రోజు అమ్మీ నా చేతికిచ్చింది. ఆడవాళ్ళం ఇద్దరమే వెళ్తే బాగుండదని తన తమ్ముణ్ణి, అంటే మా మామూని, వెంట రమ్మంది.

మిషను ధర నూట అరవై. ముదరా ఇరవై పోతే నూట నలభై. దాని మీద అమ్మకం పన్ను రూపాయికి కాణీ. నాలుగు కాణీలు ఒక అణా కాబట్టి పన్ను ముప్ఫై అయిదు అణాలు, అంటే రూపాయికి పదహారణాల చొప్పున రెండు రూపాయల మూడణాలు. నేను మనసులో ఈ లెక్క వేసుకునేసరికి షావుకారు మామూతో అన్నాడు:

“మొత్తం నూట నలభై రెండున్నర అవుతాది భాయ్.”

అయిదణాలు ఎక్కువ. ఎలాగండీ అని నేనే అడిగాను. షావుకారు నా వైపు చూడనైనా చూడకుండా మామూకే జవాబిచ్చాడు.

“పన్ను అసలు ధర మీద కడతాం. నూట అరవైకి రెండున్నర.”

“మేం కొంటన్నది నూట నలభైకి కదండీ. మేం ఇవ్వని ఇరవై రూపాయలకి పన్నేటి?” అన్నాను.

“మీ పిల్ల బళ్ళో పంతులమ్మేటి భాయ్?” అన్నాడు షావుకారు. మామూ నవ్వాడు. ఆ నవ్వుకి నా ఒళ్ళు మండింది.

“రసీదులో ఎంత రాత్తారు?” అని అడిగాను.

“నూట నలభై,” అని నోరు జారాడు షావుకారు.

“అయితే సర్కారుకి కట్టేది రెండు రూపాయల మూడణాలే. మిగతా అయిదణాలు ఎవరికి?”

పక్కన పద్దు రాస్తున్న గుమాస్తా రాయడం ఆపేశాడు. షావుకారు మొహం కందగడ్డలా అయింది. “నాను మగోళ్ళతో మాటాడతన్నాను. ఆ అమ్మాయిని బయట కూసోమను భాయ్.”

“నోరు ముయ్యి. అయిదణాలకి పరువు తీత్తన్నావు,” అని మామూ నన్నే గదమాయించాడు.

అమ్మీ వైపు చూశాను. లెక్క తనకీ తెలుసు. ఏళ్ళ తరబడి కుట్టుకూలి లెక్క చూసుకున్న మనిషి. ఆమె తల దించుకుంది. షావుకారు మోసం కన్నా మామూ నవ్వు మీద, దాని కన్నా దించుకున్న ఆ తల మీద నాకు కోపం వచ్చింది. మీ మిషను మాకొద్దని చెప్పి, మూట పట్టుకుని రోడ్డు మీదికి నడిచాను.

ఆ రంజానుకి వచ్చిన బట్టలన్నీ చేతితోనే కుట్టాం. అమ్మీ వేలు వాచి చీము పట్టింది. అది చూసినప్పుడల్లా షావుకారుని తిట్టుకున్నానే గానీ, కొనేసి ఉంటే బాగుండేదని ఒక్కనాడూ అనుకోలేదు. పండగ వెళ్ళాక వేరే దుకాణంలో కొందామని పోతే ఎక్కడా ముదరా లేదు. పూర్తి ధర నూట అరవై, పన్ను రెండున్నర. ఆ లెక్క సరైనదే. మాట్లాడకుండా కట్టాను.

ఇక మామూకి ఒక కథ దొరికింది. “అయిదణాలు మిగల్చడానికి మా మేనకోడలు ఇరవై రూపాయలు పోగొట్టింది,” అని ప్రతి పెళ్ళిలో చెప్పేవాడు, అందరూ నవ్వేవారు. రసీదు సంగతి మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు. ఒకసారి వాళ్ళింట్లోనే భోజనాల దగ్గర మళ్ళీ మొదలుపెడితే, అమ్మీ మెల్లగా అంది:

“ఆ అయిదణాలు ఎవరికని నువ్వడగాలి. నువ్వడగలేదు, పిల్ల అడిగింది.”

మామూ గబగబా అన్నం కలుపుకోసాగాడు. నాకు మాత్రం సంతోషం కలగలేదు. ఆ మాటేదో దుకాణంలో షావుకారు ముందే అని ఉండొచ్చు కదా అని, విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయాను.