టేకు తంబూరా

మా నాన్నగారు వడ్రంగి. కళ్లకు పొరలు కమ్మి ఉలి పక్కన పెట్టాక ఆయనకు మిగిలింది పాట ఒక్కటే. పొద్దున్నే అరుగు మీద కూర్చుని తంబూరా మీటుకుంటూ తత్వాలు పాడేవారు. కాలవకు నీళ్లకెళ్లే ఆడవాళ్లు బిందెలు దింపుకుని కాసేపు విని వెళ్లేవారు. ఆ కాసేపూ ఆయన మొహం చూడాలి.

ఒక వానాకాలం గోడ మేకు ఊడి తంబూరా కింద పడింది. అడుగునుండే గుండ్రటి కుండ, పనసకర్రది, నిలువునా చీలింది. నేనప్పుడు ధవళేశ్వరం వర్క్‌షాపులో కాలవ లాకులకు నీళ్లు ఆపే తలుపులు చేసేవాణ్ణి. ఏళ్ల తరబడి నీళ్లలో నానినా చెక్కుచెదరని టేకును చూసి చూసి, తక్కినవన్నీ పొయ్యిలో పుల్లలే అన్నంత పొగరు నాకు.

"బాగుచేసి తెస్తానండి" అని పట్టుకెళ్లాను. మేస్త్రీని బతిమాలి ఒక టేకు దుంగ కొనుక్కుని, నెల్లాళ్లు తొలిచి కొత్త కుండ చేశాను. మళ్లీ ఎన్నడూ పగలకూడదని మందంగానే ఉంచాను. పాత కుండను నీళ్ల పొయ్యిలో పెట్టమని మా ఆవిడకిచ్చాను.

"అతికిస్తే సరిపోదాండీ?" అంది.

"నీకేం తెలుసు, ఊరుకో" అన్నాను.

నాన్నగారు కొత్త కుండంతా తడిమారు. వంగి వాసన చూశారు. ఏ కర్రో ఆయనకు అప్పుడే తెలిసిపోయి ఉంటుంది. తీగ మీటారు. నాదం పుట్టిన చోటే ఆగిపోయింది. పనస కుండ అయితే ఒక తీగ మోత తగ్గకముందే రెండోది అందుకునేది. ఆ మోత మీద ఆనుకునే ఆయన పాడేవారు.

"ఎలా ఉందండి?"

"బాగుందిరా. ఎంత నున్నగా చేశావు!"

నాలుగు రోజులు పాడారు. పై స్థాయికి వెళ్లేసరికి శ్రుతి అందక తడబడేవారు. ఐదో రోజు జలుబు చేసిందన్నారు. ఆ జలుబు మరి తగ్గలేదు. ఆడవాళ్లు ఆగకుండా వెళ్లిపోతుంటే అడుగుల చప్పుడుకి తలెత్తి, మళ్లీ దించుకునేవారు.

అప్పటికి గానీ నాకు బుద్ధి రాలేదు. రామచంద్రపురం వైపు వీణలు చేసే ముసలాయన ఉన్నాడని విని, తంబూరా భుజాన వేసుకుని వెళ్లాను. ఆయన వేలి కణుపుతో కుండను తట్టి చూశాడు.

"ఇది తలుపులకు మంచిది నాయనా. బరువు, పైగా ఇంత మందం. నాదం ఎలా కదులుతుంది? పనసది తీసుకురా, అతికిద్దాం."

పొయ్యిలో కాల్చేశానని చెప్పాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆయనిచ్చిన పనస దుంగ పచ్చిది. అది ఆరడానికి రెండు ఎండాకాలాలు పట్టింది. ఈసారి భయం భయంగా, పల్చగా తొలిచాను. నాన్నగారి ఒళ్లో పెడితే, మీటారు. అరుగంతా మోగింది. ఆయన మొహం వెలిగింది. గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నారు. జీర తప్ప ఏమీ రాలేదు. రెండేళ్లుగా పాడని గొంతు. మళ్లీ ఎత్తుకున్నారు. మూడోసారి కూడా అంతే.

తంబూరా నాకు అందించారు.

"నువ్వు మీటరా, వింటాను."

మీటుతూ కూర్చున్నాను. ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఏ తత్వం పాడుకుంటున్నారో నాకు తెలియలేదు.