ఏనుగుల సావిడిలో అడ్డగోడ

దయ్యాన్ని చూశానన్న పిల్లల్ని క్లాసులో నిలబెట్టి, "ఎక్కడ చూశావు? ఎంత ఎత్తుంది?" అని అడిగి ఏడిపించిన సైన్సు టీచర్ని నేను. ఇది చదివి వాళ్ళెవరైనా నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి. నాకు తగిన శాస్తే.

ఎనభైల మధ్యలో మాట. మా మామిడి తోటలు ఆగిరిపల్లి దగ్గర, నా ఉద్యోగం నూజివీట్లో. రోజూ బస్సులో తిరగలేకపోతున్నానని మా ఆయన నూజివీట్లో ఒక పాత కట్టడం కొన్నారు. జమీందారీ రోజుల్లో ఏనుగుల్ని కట్టేసిన సావిడి అది. తర్వాత మామిడికాయల గోడౌన్ అయింది. రెండు మూరల మందం గోడలు, అంబారీతో సహా ఏనుగు దూరేంత వాకిలి. ఆఖరి ఏనుగు చచ్చిపోయి నలభై ఏళ్ళు దాటిందని ఊళ్ళో చెప్పేవారు.

నాకు కావలసింది మొజాయిక్ నేల, గ్యాస్ పొయ్యికి గట్టు, ఇంట్లోనే బాత్రూమ్. అన్నిటికన్నా ముఖ్యంగా, తలుపేసుకోగల పడకగది. పాత నేలంతా తవ్వించి పారబోయించాను. గొలుసు తగిలించే ఇనప కడియం ఉన్న రాయి ఒక్కటి మాత్రం ఎంత తవ్వినా కదల్లేదు. దాన్ని వదిలేసి చుట్టూ మొజాయిక్ వేయించాం.

పడకగది కోసం సావిడి మధ్యలో అడ్డగోడ కట్టమంటే మేస్త్రి సత్తెయ్య తల గోక్కున్నాడు. "ఒంటి ఇటుక గోడ అంత ఎత్తు నిలవదండీ అమ్మగారూ. మనిషెత్తు కట్టి ఆపేద్దామండీ" అన్నాడు. నేను వింటేగా! దూలం దాకా లేవాల్సిందే అన్నాను.

గృహప్రవేశం రోజు ముందుగా ఆవునీ దూడనీ లోపలికి నడిపించారు. ఆవు మామూలుగానే గడప దాటింది. పడకగదిలో మాత్రం తిన్నగా పోలేదు. కడియం రాయి దగ్గర ఖాళీ నేల మీద ఏదో పెద్దది పడుకుని ఉంటే తప్పుకున్నట్టు, గోడ వారగా చుట్టూ తిరిగి వచ్చింది. దూడా అంతే. మా అత్తగారు దణ్ణం పెట్టుకున్నారు. కొత్త నేల నున్నగా ఉంది, జారుతుందని భయపడిందని నేను వివరించాను. అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ.

ఆ వేసవికి మా అమ్మాయికి నాలుగో నెల. ఇంకా బోర్లా కూడా పడటం లేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం దాన్ని అడ్డగోడ పక్కన చాప మీద పడుకోబెట్టాను. పెరట్లో మాగాయ ముక్కలు దుప్పటి మీద ఎండుతున్నాయి. ఇంట్లో నేనూ అత్తగారే ఉన్నాం. ఉన్నట్టుండి మబ్బు పట్టి ఈదురుగాలి లేచింది, చినుకులు మొదలయ్యాయి.

"అమ్మాయ్, ముక్కలు తడిసిపోతున్నాయే, పరుగెత్తుకురా!" అని పెరట్లోంచి అత్తగారు కేకేశారు.

మామిడి ఊళ్ళలో ఆ కేక వింటే కాళ్ళు ఆగవు. పాపని వదిలేసి పరుగెత్తాను. వాకిలి తలుపులు బార్లా తీసి ఉన్నాయని, గాలంతా వచ్చి అడ్డగోడకే కొడుతుందని గుర్తు రాలేదు. దుప్పటి చెంగులు పట్టుకుని ఎత్తుతుండగా లోపల గోడ కూలిన చప్పుడు.

వెళ్ళేసరికి గదంతా దుమ్ము. అడ్డగోడ మొత్తం పడకగదిలోకే పడింది. చాప వేసిన చోట మోకాలెత్తు ఇటుకల కుప్ప. గోళ్ళతో తవ్వాను. అత్తగారు ఏడుస్తూ పక్కనే తవ్వుతున్నారు. చాప అంచు దొరికింది. దాని మీద ఇటుకలు తప్ప ఏమీ లేవు.

అప్పుడు వెనక చిన్న మూలుగు వినబడింది.

పాప కడియం రాయి పక్కన, ఉత్త నేల మీద నిద్రపోతోంది. చాప నుంచి ఆ రాయికి పన్నెండు అడుగులు, తర్వాత టేపు పెట్టి నేనే కొలిచాను. ఇటుకలు రెండు వైపులా ఆ రాయిని దాటి దొర్లాయి. పాప చుట్టూ రెండు మంచాలంత మేర మాత్రం నేల మీద దుమ్ము కూడా లేదు. ఒంటి మీద గీత లేదు. నేను ఎత్తుకున్నాను. అత్తగారు దాన్ని నా దగ్గర్నుంచి తీసుకుని ఒళ్ళంతా తడిమి చూశారు.

పాప కుడి పిడికిలి బిగించి ఉంది. ఆవిడే విప్పారు. లోపల జానెడు నల్లటి వెంట్రుక, తీగలా బిరుసుగా. ఆవిడ వేలికి ఎప్పుడో జడుపు జ్వరానికి పెట్టిన ఏనుగు వెంట్రుక ఉంగరం ఇంకా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. తేడా లేదు.

సాయంత్రం వచ్చిన సత్తెయ్య ఇటుకల్నీ ఆ ఖాళీ నేలనీ చూసి, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. "పాపని ముందే ఎవరన్నా తీశారాండీ?" అని అడిగాడు. ఎవరూ తియ్యలేదని చెప్పాను.

వెంట్రుక పాత రోజులది, కడియానికి అతుక్కుని మిగిలిందేమో అనుకున్నాను. సరే. మరి పన్నెండు అడుగులు?

గోడ మళ్ళీ కట్టలేదు. ఆ వెంట్రుక నా బీరువాలో ఉంది. మాగాయ ముక్కల కోసం బిడ్డని వదిలి పరుగెత్తిన తల్లిని నేను. ఆ నిమిషంలో దాన్ని చూసుకున్నది ఎవరో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ రాయి దగ్గరికి వస్తే మాత్రం తిన్నగా నడవను, గోడ వారగా చుట్టూ తిరిగి వెళతాను. ఎందుకని అడిగినవాళ్ళకి ఏమీ వివరించను.