నల్లపెట్ట కోసం తిట్టిన తిట్లు

నా చిన్నప్పుడు పొద్దున లేస్తానే నాకొక పని ఉండేది. మొహం కడుక్కోక ముందే కోళ్ళ గూడు దగ్గర కూర్చోని, ఒక్కో పెట్టనే బయటికి తీసి, చంకలో ఇరికించుకోని, వెనక వేలు పెట్టి గుడ్డుందో లేదో చూడాల. ఉంటే వేలికి గట్టిగా తగులుతుంది. అట్టాంటి దాన్ని గంప కింద మూసి పెట్టాల. గుడ్డు పెట్టి అరిచినాకే గంప ఎత్తాల. లేనిదాన్ని వదిలెయ్యొచ్చు. చూడకుండా వదిలితే అది యాడబడితే ఆడ, ఎవురి గడ్డివాములోనో పెట్టేసి, ఏమీ ఎరగనట్టు ఇంటికొస్తుంది. కోళ్ళు సాకేవాళ్ళకు గద్ద భయం, బావురుపిల్లి భయం, తెగులు భయం, ఎన్నో ఉంటాయి. మా అవ్వకు మటుకు అన్నిటికంటే పెద్ద భయం, మన గుడ్డు పరాయి దొడ్లో పడటం.

మా ఊరు విడవలూరు పక్క, సముద్రానికి దగ్గర. ఇసక నేల. అమ్మా నాయనా తెల్లారకముందే వరి కయ్యల్లోకి పనికి పోయేవాళ్ళు. ఇల్లూ, నేనూ, ఏడు కోళ్ళూ మా అవ్వ చేతి కింద. అవ్వంటే మా నాయన తల్లి. మనిషి ఎండిన తాటిమట్ట మాదిరి ఉండేది గానీ గొంతు మటుకు సముద్రం హోరు మీద కూడా వినబడేది. ఆ ఏడింటిలో ఆమెకు ప్రాణం నల్లపెట్ట. పదకొండు గుడ్లు వేసి పొదగబెడితే పదకొండు పిల్లల్నీ లేపేది. గద్ద వస్తే తానే గద్ద మీదికి ఎగిరేది. ఈ తూరి పిల్లలు లేస్తే ఒకటి నీకిస్తానని అవ్వ నాకు మాటిచ్చింది.

నాకప్పుడు ఎనిమిదేళ్ళుంటాయి. వీధిలో పిలకాయలు నా పని కనిపెట్టి 'కోడివేలు' అని పేరు పెట్టినారు. ఆటలో నేను తాకితే చెయ్యి ఇసకలో రుద్దుకునేవాళ్ళు. "ఒరేయ్, కోడివేలు తగిలిందిరా, రేపు నువ్వు గుడ్డు పెడతావు" అని నవ్వేవాళ్ళు. ఆ సిగ్గుకు నేనొక పాడు పని చేసినాను. పెట్టల్ని ఊరికే ఎత్తి, ఊరికే దించి, లేదవ్వా, లేదవ్వా అని చెప్పడం మొదలుపెట్టినాను. మిగతావి అలవాటు కొద్దీ మా గూటికే వచ్చి గుడ్డు పెట్టేవి. నల్లపెట్ట గుడ్డుకు రాలేదు. పది పన్నెండు దినాలు చూసి అవ్వ, దీనికి గుడ్లు ఉడిగినట్టుండాయి అనుకునింది. మాపటేళ మటుకు అన్నిటితో పాటు గూటికొచ్చేది గాబట్టి అనుమానం రాలేదు. ఒక మాపటేళ గూటికీ రాలేదు.

వాములూ, దడులూ, సర్వి చెట్ల తోపూ, ఉప్పుకాలవ గట్టూ, అంతా వెతికినాము. ఒక్క ఈక కూడా దొరకలేదు. ఈక దొరక్కపోతే పిల్లీ కాదు, గద్దా కాదు, మనిషే అని మా పక్క ఒక నమ్మకం.

కోడి పోతే వీధి మొగన నిలబడి తిట్టడం ఆ రోజుల్లో ఉండేదే. ఎవురి పేరూ పెట్టరు. మూడు సాయంత్రాలు తిడతారు. తిన్నవాళ్ళు ఎవురైనా ఉంటే వాళ్ళకు తగలాలని. మా అవ్వ నోటికి పదునెక్కువ, ఆమె తిడితే తగిలి తీరుతుందని ఊళ్ళో అందరూ అనేవాళ్ళు. ఆమె జుట్టు విప్పుకోని, గుప్పెడు ఇసక ఎత్తి పోసి మొదలుపెట్టింది.

"నా పెట్టను నా గూటికి దూరం చేసిన చెయ్యి పుచ్చిపోను. వేలు వేలుకీ పురుగు పడను."

నేను దడి పక్కన నిలబడి నా చెయ్యి చూసుకున్నాను. దూరం చేసిన చెయ్యి ఎవురిదో ఆ వీధిలో నాకొక్కదానికే తెలుసు. పోయి కొంగు పట్టుకోని చెప్పుంటే అప్పుడే అయిపోయేది. చెప్పలేదు.

దడికి ఆ పక్క పరుపులు కుట్టే సాయిబు ఇల్లు. ఆయన దూదేకే విల్లు భుజానేసుకోని బిట్రగుంట రైలు క్వార్టర్సులో పనికి పోయి అప్పటికి నెలయింది. ఇంట్లో ఆయన భార్య ఒకతే. మేమంతా ఆమెను బూబమ్మ అనేవాళ్ళం. దడిలో ఒక సందుండేది. ఆ సందులోంచి మాకు నిప్పులూ కరేపాకూ వచ్చేవి, వాళ్ళకు మజ్జిగ పోయేది. రెండో సాయంత్రం ఆమెను చూడ్డానికి తమ్ముడొచ్చినాడు, వస్తా వస్తా కోడిని తెచ్చినాడు. కూర ఉడికే వాసన దడి దాటి వీధిలోకి వచ్చింది. తిడతా ఉన్న మా అవ్వ ఒక్క క్షణం ఆగి, మొహం ఆ దడి పక్కకు తిప్పి, మళ్ళీ తిట్టింది. పేరు పెట్టలేదు. పెట్టాల్సిన పనీ లేకపోయింది. మర్నాటినుంచి బూబమ్మ బావికాడికొస్తే ఆడోళ్ళు బిందెలు పక్కకు జరుపుకున్నారు. దడి సందులో మా అవ్వ తాటాకు కుక్కేసింది.

వారం తిరక్కముందే నా వేలు ఊదింది. కుడిచేతి చూపుడువేలు, కోళ్ళకు పెట్టే వేలే. గోరు పక్కన ఎర్రగా లేచి, సలుపు. రాత్రంతా నిద్ర లేదు. తిట్టు తగిలిందని నాకు తెలిసిపోయింది. ఇంక పుచ్చిపోతుంది, పురుగులు పడతాయి. ఇంట్లో ఎవురికీ కనబడకుండా వేలు పావడాలో చుట్టుకోని తిరిగినాను.

ఒక మధ్యాన్నం అవ్వ కునుకు తీస్తా ఉంటే బూబమ్మ వాకిట్లోంచి నన్ను చూసి, ఏమ్మే, ఆ చెయ్యేంది అట్టా దాస్తావు అని పిలిచింది. వేలు పట్టుకోని చూసింది. లోపలికి పోయి నిమ్మకాయ తెచ్చి, తలకాయ కోసి, లోపల కాస్త తోడి, నా వేలికి టోపీ మాదిరి తొడిగి గుడ్డతో కట్టింది. బావికాడ తనను చూసి అంతమంది జరుగుతా ఉంటే, మా ఇంటి పిల్ల వేలు ఆమె ఒళ్ళో పెట్టుకోని కట్టు కడతా ఉంది. నేను తట్టుకోలేకపోయినాను. ఇది గోరుచుట్టు కాదు బూబమ్మా, తిట్టు, అని మొదలుపెట్టి అంతా చెప్పేసినాను. కోడివేలు కాడినుంచీ, లేదవ్వా కాడినుంచీ.

ఆమె మొదట నవ్వింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకునింది. "తిట్టయితే నిమ్మకాయకు తగ్గదే పాపా. తగ్గిందంటే గోరుచుట్టే. రెండు దినాలు చూద్దాం ఉండు."

ఆనక నా రెండో చెయ్యి పట్టుకోని దూది కొట్టంలోకి తీసుకపోయింది. సాయిబు లేనందున ఆ కొట్టం మూసే ఉండేది, గోడ కింద మటుకు కోడి పట్టేంత కన్నం. మూల పాత పరుపుల దూది కుప్పగా పోసుంది. అందులో మునిగి మా నల్లపెట్ట కూర్చోనుంది. ముక్కూ కళ్ళూ తప్ప ఏమీ కనబడటం లేదు. నన్ను చూసి ఈకలు పొంగించి గుర్రుమనింది. నన్నే.

తలగడకు దూది కావాలని పోతే మూడు దినాల ముందే కనబడిందంట. అప్పుడే తెచ్చిస్తే తిట్లకు జడిసి తెచ్చిచ్చిందంటారు, పైగా లేపితే గుడ్లన్నీ పాడవుతాయి. అందుకని ఊరకుండిపోయింది. పిల్లలు లేచినాక పంపుదాం, కూరకు దొంగిలించినోళ్ళు ఎవురూ పొదగబెట్టి పిల్లల్ని లేపరు గదా, అనింది. కోడి తన సాక్ష్యం తనే చెప్పుకుంటుందని ఆమె ఉపాయం. ఒకటి మటుకు నా మొహం చూసి చెప్పింది. "పెట్ట నా కొట్టంలోకి ఎందుకొచ్చిందో నేను చెప్పను. అది నీ కాడుండే మాట."

రెండు దినాలకు వేలు పగిలి చీము పోయింది. సలుపు తగ్గింది. అంటే గోరుచుట్టే. నా భయం పోయింది గానీ, చెయ్యి బాగయ్యేకొద్దీ గుండె బరువైంది. దినమూ మధ్యాన్నం నల్లపెట్టకు నూకలూ నీళ్ళూ పెట్టి వచ్చేదాన్ని. సాయంత్రం బూబమ్మ బావికాడ ఒకతే నీళ్ళు తోడుకుంటా ఉంటే, నేను మా అవ్వ పక్కన నిలబడి చూసేదాన్ని.

ఒక పొద్దున కొట్టంలో బూబమ్మ గుడ్డొకటి తీసి నా చెవి కాడ పెట్టింది. లోపల టిక్కుటిక్కుమని పొడుస్తా ఉంది. సన్నగా కీచుమనింది. పెంకు లోపలున్నది కూడా నోరు తెరిచి అడుగుతా ఉంది అనిపించింది నాకు. గుడ్డు ఆమె చేతిలో ఉండగానే ఇంటికి పరిగెత్తి, కోళ్ళకు తవుడు కలుపుతా ఉన్న అవ్వకు అంతా ఒక్క ఊపిరిన చెప్పేసినాను.

ఆమె చెయ్యెత్తుతుందని కళ్ళు మూసుకున్నాను. ఎత్తలేదు. తవుడు చెయ్యి దులుపుకునింది. ఒకటే అడిగింది. "ఆ పిల్ల బావికాడ ఎన్ని దినాల్నించి ఒకతే తోడుకుంటా ఉంది?"

అవ్వ ఆ మధ్యాన్నం సంగటి ముట్టలేదు.

సాయంత్రం జుట్టు నున్నగా దువ్వి ముడేసుకోని, నన్ను రమ్మని వీధి మొగకు నడిచింది. మళ్ళీ తిడుతుందేమోనని జనం బయటికొచ్చినారు. బూబమ్మ తన వాకిట్లోంచి చూసి, పెద్దమ్మా, ఇంట్లోకి రా, మనలో మనం మాట్లాడుకుందాం, వీధిలో ఎందుకు అనింది.

"తిట్టింది వీధిలోనే గదమ్మా" అనింది అవ్వ.

ఆ తిట్టిన గొంతుతోనే, అంత గట్టిగానే చెప్పింది. నా పెట్టను ఎవురూ తినలేదు, బూబమ్మ కొట్టంలో పొదిగి కూర్చోనుంది, ఆ తల్లి కాపాడింది, చూసుకోవాల్సిన ఇంటిదాన్ని నేనే చూసుకోలేదు అనింది. నా పేరెత్తలేదు. తర్వాత కొంగు రెండు చేతులా పరిచి పట్టుకోని, భిక్ష అడిగేవాళ్ళ మాదిరి నాలుగు పక్కలకూ తిరిగింది. "మూడు దినాలు నా నోట్లోంచి పోయిన మాటలన్నీ ఎవురింటికీ పోకుండా నా కొంగులోకే తిరిగి రానీ."

చివరికి బూబమ్మ వాకిట్లో పోయి నిలబడింది. అట్టనే, కొంగు పరుచుకోని. ఆనక ఆ కొంగు ముడేసుకోని ఉప్పుకాలవ దాకా నడిచి, నీళ్ళ మీద దులిపేసి వచ్చింది.

నన్ను కోడివేలు అన్న పిలకాయలంతా అక్కడే ఉండారు. నేనే చూడలేదు, నాదే తప్పు అని ఒక్క కేకేసుంటే అవ్వకు సగం బరువు తగ్గేది. ఆమె వెనక ఆమె కొంగు చాటునే నిలబడినాను.

నల్లపెట్ట తొమ్మిది పిల్లల్ని లేపింది. అవ్వ సగం ఇస్తానంటే బూబమ్మ ఒక్కటే తీసుకునింది. దడి సందులో తాటాకు తీసేసినారు. నాకిస్తానన్న పిల్లను అవ్వ ఇయ్యలేదు, నేనూ అడగలేదు.

ఆ వేలి గోరు వంకరగానే పెరిగింది, ఇప్పటికీ అంతే. ఆ వేలితోనే తర్వాత సంతకం నేర్చుకున్నాను. అంతకు మించి రాయడం నాకు రాదు, ఇది కూడా నేను చెప్తా ఉంటే మా మనవరాలు రాస్తా ఉంది. కాపరానికి ముత్తుకూరు పక్కకు వచ్చినాను. మా ఆయన పోయినాక ఐదు కోళ్ళు సాకుతా ఉండాను. కరెంటు ఫ్యాక్టరీ బూడిద వాటి ఈకల మీద పడతానే ఉంటుంది. పొద్దున్నే వేలు పెట్టి చూడకుండా ఒక్కదాన్నీ వదలను.

అయినా పోయిన వానల్లో ఒక పెట్ట కనబడలేదు. మా పక్క గదుల్లో ఒరిస్సా ఆడోళ్ళు బాడిగకుండారు, పోర్టు పక్క పనికి పోతారు. కుళాయికాడ వాళ్ళుండగానే, ఊరుగాని ఊరోళ్ళొచ్చినాక కోళ్ళు నిలవడం లేదు అని నలుగురిలో అనేసినాను. భాష రాకపోయినా వాళ్ళకు అర్థమైంది. మూడోనాడు రోడ్డు పక్కన పడేసిన సిమెంటు తూములో పెట్ట గుడ్ల మీద కనబడింది.

మర్నాడు పొద్దున కుళాయికాడికి పోయినాను, జనం ఉండే వేళకే. నా గొంతు ఇప్పుడు బొంగురుపోయింది, అయినా ఎంత వస్తే అంత గట్టిగా తప్పు నాదని చెప్పినాను. వాళ్ళకు నా మాటలు తెలీవు. ఏం చెయ్యాలో తోచక కొంగు పరిచి పట్టుకున్నాను. వాళ్ళల్లో పెద్దామె బిందె కింద పెట్టి, దగ్గరికొచ్చి, నా చేతుల్లోంచి ఆ కొంగు తీసి నా భుజం మీదనే కప్పింది.